బియ్యం తిన్నవాళ్లా, బియ్యం పోసినవాళ్లా?



పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. ఈసారి మన పల్లెల్లో గుడి ఎలా లేచింది, దానికి డబ్బు ఎవరి చేతుల్లోంచి వచ్చింది అన్నది రాస్తున్నాను. గుడి అంటే చర్చి. మా వైపు పెద్దవాళ్లు చర్చి అనే మాట పెద్దగా వాడరు. "గుడి గంట కొట్టారా?", "గుడికి పోయొస్తా" అంటారు. ఒక గుడి కింద ఉండే ఊళ్లన్నిటినీ కలిపి కథోలికులు 'విచారణ' అంటారు, సీఎస్ఐ వాళ్లు 'పాస్టరేట్' అంటారు, మిగతావాళ్లు 'సంఘం' అంటారు. పేరు ఏదైనా తెలుగు నేల మీద ఈ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగలే. కాబట్టి ఇది మత చరిత్ర కంటే ముందు మన చరిత్ర. మీరు ఏ దేవుణ్ణి నమ్మినా, అసలు నమ్మకపోయినా చదవాల్సిన చరిత్ర.

ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా చెబుతాను. 'రైస్ బ్యాగ్' అనే తిట్టు మీరందరూ చూసే ఉంటారు. దళితుడు నోరు తెరిచి ఏం మాట్లాడినా కింద నలుగురు వచ్చి ఆ మాట అంటించి పోతారు. బియ్యం బస్తాకు మతం మార్చుకున్నవాడివి అని అర్థం. ఇది ఇవాళ పుట్టిన తిట్టు కాదు. 'రైస్ క్రిస్టియన్' అనేది తెల్లవాళ్లే పుట్టించిన పాత మాట. దాన్నే ఇప్పుడు మనవాళ్లు అనుకునేవాళ్లు మన మీద వాడుతున్నారు. నా తరగతిలో మూడో వరసలో కూర్చునే పిల్ల కూడా ఈ మాటకు తల దించుకుంటోంది. దానికి జవాబు చెప్పాలంటే కోపం ఒక్కటే సరిపోదు, లెక్క కావాలి. ఆ లెక్క మన ఇళ్లలోనే ఉంది, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన.

పిడికెడు బియ్యం సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. పొద్దున, సాయంత్రం ఎసరు పెట్టాక ఇంటి ఆడమనిషి సోలతోనో తవ్వతోనో బియ్యం కొలుచుకుంటుంది. కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తుంది. అది దేవుడి కుండ. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ కుండలో చెయ్యి పెట్టకూడదు. ఆదివారం ఆ బియ్యాన్ని కొంగులోనో చిన్న గుడ్డసంచిలోనో పోసుకుని గుడికి తెస్తుంది. కానుకల వేళ బల్ల ముందు పరిచిన గోనె మీదో గంపలోనో పోస్తుంది. ఆరాధన అయిపోయాక స్త్రీల మైత్రి వాళ్లు అంతా కలిపి కొలుస్తారు. పాస్టరు అయ్యగారి ఇంటికి కొంత పోతుంది. మిగతాది అక్కడికక్కడే వేలం వేస్తారు, లేదా బజారు ధరకు తక్కువ కాకుండా సంఘంలోనే ఎవరో ఒకరు కొనుక్కుంటారు. వచ్చిన డబ్బు పుస్తకంలో రాస్తారు.

అంతే. ఇందులో అద్భుతం ఏమీ లేదు. కానీ ఒకసారి గుణించి చూడండి. పిడికిట్లో ఇమిడే బియ్యం ఉజ్జాయింపుగా 50 గ్రాములు అనుకుందాం. రోజుకు రెండు పూటలంటే 100 గ్రాములు. ఏడాదికి ముప్పై ఆరున్నర కిలోలు. 60 గడపలున్న పల్లెలో ప్రతి ఇల్లూ పోస్తే 2,190 కిలోలు, అంటే దాదాపు 22 క్వింటాళ్లు. కిలో 30 రూపాయల లెక్కన 65,700 రూపాయలు. సిమెంటు బస్తా 400 అనుకుంటే 160 బస్తాలు దాటుతాయి. ఏ దొరా పంపనక్కర్లేదు. ఏ విదేశీ ఖాతాలోంచీ పడనక్కర్లేదు. అరవై మంది ఆడవాళ్లు తమ కంచంలోంచి పూటకొక పిడికెడు తగ్గించుకుంటే ఒక గోడ లేస్తుంది. తగ్గేది ఎవరి కంచంలోంచో కూడా మీకు తెలుసు. చివర్న తినేది ఎవరో వాళ్ల కంచంలోంచి.

ఇంకో మాట. 'బియ్యం' అనే మాటే మన పల్లెలకు ఆలస్యంగా వచ్చింది. కృష్ణా గోదావరి కాలవల కింద ఊళ్లు వదిలేస్తే ఒంగోలు, పల్నాడు, నల్లగొండ మెట్ట ప్రాంతాల్లో మాల మాదిగలు తిన్నది జొన్న సంకటి, సజ్జ, రాగి, వరిగ. వరన్నం పండక్కి తినేది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పెట్టాకనే చాలా ఇళ్లలో రోజూ వరన్నం ఉడికింది. అంతకు ముందు దేవుడి కుండలో పడింది పిడికెడు జొన్నలే. పేరు మాత్రం బియ్యంగా నిలిచింది.

గింజల రూపంలోనే ఎందుకు ఇచ్చారు? భక్తి ఎక్కువై కాదు, చేతిలో డబ్బు లేక. పాలేరు జీతం ఏడాదికిన్ని గింజలు. కోత కూలి గింజలు. మాదిగ ఇంటికి చెప్పులూ బొక్కెనలూ కుట్టినందుకు కళ్లంలో కొలిచి ఇచ్చేది గింజలు. రూపాయి అన్నది ఆసామి పెట్టెలోనూ కోమటి కొట్లోనూ ఉండేది. కూలి ఏ రూపంలో ముడితే కానుక ఆ రూపంలో పోయింది. అందుకే పాత సంఘాల కానుకల్లో కోడిపెట్ట, గుడ్లు, గుమ్మడికాయ, ఆనపకాయ, మిరపకాయలు, కంకులు ఉంటాయి. పైగా ఇది మనకు ఎవరో కొత్తగా నేర్పింది కూడా కాదు. పోలేరమ్మ కొలుపుకు ఇంటింటికీ తిరిగి గింజలు ఎత్తడం క్రైస్తవం రాకముందు నుంచీ పల్లెకు తెలుసు. అచల, యోగ మార్గాల గురువులు వస్తే పల్లె అంతా కలిసి అన్నం పెట్టి పంపడం తెలుసు. అలవాటు మనది. దేవుడి పేరు మారింది.

ఇప్పుడు ఒంగోలు పోదాం. ఈ 'రైస్ బ్యాగ్' కథకు మూలంగా ఎక్కువమంది చూపించేది అక్కడే కాబట్టి.

1866లో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు, యోగ మార్గంలో గురువుల దగ్గర నేర్చినవాడు. తిండి కోసం ఎవరి కాళ్ల మీదా పడినవాడు కాదు. ఆ ఏడే జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోల్లో కాపురం పెట్టాడు. పేరయ్య వెనక మాదిగలు రావడం మొదలయ్యేసరికి ఊరి పై కులాలవాళ్లు క్లౌ దగ్గరికి వెళ్లి, వాళ్లను చేర్చుకోకపోతే మేం మీ బడికీ మీ పనికీ అండగా ఉంటామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ల పిల్లలు బడి మానేశారు. ఇది జరిగింది కరువుకు పదేళ్ల ముందు. అప్పటికి బియ్యం బస్తా ప్రసక్తే లేదు. పైగా కొత్తగా చేరినవాళ్లకు దక్కింది నష్టమే. ఆదివారం పని చెయ్యమన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నందుకు కరణాలూ మునసబులూ ఊరి పనులు ఆపించారు, బావుల దగ్గరికి రానివ్వలేదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని కరువు బాధితులకు కూలి ఇప్పించాడు. ఇక్కడ రెండు విషయాలు మనవాళ్లు గట్టిగా పట్టుకోవాలి. ఒకటి, అది దానం కాదు, పని. మూడున్నర మైళ్ల కాలువ మన తాతముత్తాతల పారలతో తవ్వింది. మట్టి తట్టలు మోసింది మన ముత్తవ్వల నెత్తులు. తిన్నది కూలి. రెండు, బియ్యం కోసం వస్తున్నారని లోకం అంటుందనే భయంతోనే క్లౌ ఆ కరువు కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పనులు ముగిశాకనే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూడు ఆగిపోయాక వచ్చినవాళ్లను కూటి కోసం వచ్చారని ఎలా అంటారో నాకు అర్థం కాదు. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' చదివిన విద్యార్థులకు ఆ కాలువ గుర్తుండే ఉంటుంది. ఆ నవలలో కాలువ పనికి పోయిన శివయ్య పడ్డ అవమానం చదివాక ఎవరు ఎందుకు ఎటు నడిచారో వేరే చెప్పక్కర్లేదు.

మెదక్ చర్చి గురించి కూడా ఇలాంటి కథే చెబుతారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేయించిన ఆ గుడి చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. గంట గోపురం 175 అడుగులు. పర్యాటకులకు వినిపించే మాట ఏమిటంటే కరువులో జనానికి అన్నం పెట్టి కట్టించారని. ఈ వాక్యంలో కర్త ఎవరో చూడండి. అన్నం పెట్టినవాడు కర్త. పదేళ్లు రాళ్లు మోసినవాళ్లు కర్మ. వ్యాకరణం చెప్పే మాస్టారిని కాబట్టి ఇది నాకు కొంచెం ఎక్కువ గుచ్చుకుంటుంది. తాజ్‌మహల్ కూలీలకు షాజహాను అన్నం పెట్టాడని ఎవరూ అనరు గదా.

మెదక్ కంటే నాకు దోర్నకల్ ముఖ్యం.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలైలో పుట్టిన నాడారు. నాడార్లు గుడి మెట్లెక్కడానికి కొట్లాడిన జనం. ఆయన, ఆయన తోటివాళ్లు 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సొసైటీ పెట్టారు. దాని నియమం మనుషులూ డబ్బూ నిర్వహణా అన్నీ ఇక్కడివే కావాలని. అందులోంచే 1909లో ఆయన నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చాడు. మొదట డేరాలో కాపురం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన కింద చేరిన తెలుగు సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు. 1945 జనవరి 1న ఆయన చనిపోయేనాటికి ఆ మేత్రాసనంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇంత పేద జనం దగ్గర కానుకలు అడగడం న్యాయమా అని ఆనాడే ప్రశ్న ఉంది. అజరయ్య అడగాలనే అన్నాడు. ఈ విషయం మీద ఆయన 'క్రిస్టియన్ గివింగ్' అని పుస్తకమే రాశాడు. నాకు ఆయన రాజకీయాలతో తగాదా ఉంది. అంబేడ్కర్ కోరిన ప్రత్యేక నియోజకవర్గాల ఆలోచనకే ఆయన వ్యతిరేకి. దాన్ని మనం వేరే భాగంలో మాట్లాడుకుందాం. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన పట్టుకున్న సంగతి లోతైంది. తరతరాలుగా చెయ్యి చాచమని నేర్పిన జనానికి చెయ్యి తిప్పి ఇవ్వడం నేర్పడం చిన్న మార్పు కాదు. ఆసామి గుమ్మం ముందు దోసిలి పట్టి గంజి పోయించుకున్న చెయ్యే ఆదివారం పిడికిలి బిగించి గింజలు పోసింది. పోసిన మనిషికి అడిగే హక్కు వస్తుంది. "మా డబ్బు ఏం చేశారు?" అని మాల మాదిగ ఆడమనిషి ఒక పెద్దమనిషిని నిలదీసి అడగగలిగిన మొట్టమొదటి చోటు, నా ఉద్దేశంలో, సంఘం లెక్కల సమావేశం.

దోర్నకల్ కేథడ్రల్ పూర్తి కావడానికి పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. మసీదు గుమ్మటాలను తలపించే గుమ్మటాలు, దేవాలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు. ఇంగ్లండు గోతిక్కు అక్కర్లేదని అజరయ్య పట్టుబట్టి కట్టించిన రూపం అది. ఆ ఏడు నుంచి రెండేళ్లకు, 1941లో, జాషువా 'గబ్బిలం' వచ్చింది. గుడి లోపలికి పోలేని అరుంధతీ సుతుడు గుళ్లో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో తన మొర పంపుకున్నాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మన సాహిత్య చరిత్రలు ఎప్పుడూ చూపించవు. ఒకవైపు రానివ్వని గుడి. ఇంకోవైపు స్తంభాలూ గుమ్మటాలతో వాళ్లే సొంతం చేసుకున్న గుడి.

అయితే దోర్నకల్, మెదక్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అసలు చరిత్ర వేల పల్లెల్లోని చిన్న గుళ్లది. వాటి వయసు పైకప్పులో తెలుస్తుంది. మొదట తాటాకు పాక. అదే వారంలో ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. ఉపదేశే పంతులు. అ ఆలు దిద్దిన పలకలు గోడవారన పేర్చి అక్కడే మోకాళ్లూనేవాళ్లు. తర్వాత మట్టి గోడల మీద బంగళా పెంకు. ఆ తర్వాత రేకులు. 1980ల నుంచి శ్లాబు. ప్రతి తరం తన వంతుగా ఒక కప్పు మార్చింది, ఒక వరండా కలిపింది. అందుకే మన గుళ్లకు వాస్తు కుదరదు. మూడు కాలాల గోడలు మూడు మందాల్లో ఉంటాయి. పెంచుదామంటే జాగా ఉండదు. పల్లెను ఊరి చివర కొద్ది సెంట్లలో కుక్కారు గదా. ఒక పక్క మురుగు కాలవ, ఇంకో పక్క ఆసామి చేను. కాబట్టి గుడి ముందుకు, వీధిలోకి పెరుగుతుంది. లేదంటే పైకి.

గుడి పెంచాలని తీర్మానం అయ్యాక ఏం జరుగుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. కమిటీ వేస్తారు. చందా పుస్తకాలు కొట్టిస్తారు. హైదరాబాదులో, విజయవాడలో ఉద్యోగాలు చేసే పల్లె పిల్లలకు ఫోన్లు పోతాయి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు అరబ్బు ఇంట్లో గిన్నెలు తోమి మిగిల్చిన డబ్బులు పంపుతారు. మేస్త్రీలు మనవాళ్లే, తాపీ పని సగం కూలికి. ఇసకా కంకరా మోసేది ఆడవాళ్లు, కూలి లేకుండా. శ్లాబు వేసే రోజు పల్లె అంతా వరసగా నిలబడి తట్టలు అందిస్తుంది. ఆ రోజు వంట కూడా పిడికెడు బియ్యంతోనే.

ఇంక కోత పండగ వేలం. ప్రథమ ఫలాలు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఒక వంకాయను పాట పెడతారు. పది, ఇరవై, యాభై. కొన్నవాడు దాన్ని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తాడు. మళ్లీ పాట. ఒకే వంకాయ నాలుగుసార్లు అమ్ముడుపోయి వెయ్యి రూపాయలు దాటడం నేను చూశాను. బజారు లెక్కలో ఇది పిచ్చితనం. కానీ సంతలో ఏనాడూ ధర చెప్పే హక్కు లేని మనుషులు, ఆసామి చెప్పిన ధరకే తల ఊపిన మనుషులు, ఆ ఒక్కరోజు ధర పెట్టేవాళ్లు అవుతారు. నవ్వులూ కేకలూ వేళాకోళాలూ. నా చిన్నప్పుడు ఏడాదంతా ఆ రోజు కోసమే చూసేవాణ్ణి.

ఇంత మంచిగా చెప్పాక చెడ్డ కూడా చెప్పాలి. లేకపోతే ఇది సంఘం సావనీరు వ్యాసం అవుతుంది.

మా ఊళ్లో గుడి పెంచినప్పుడు కమిటీ ఒక రూలు పెట్టింది. పది వేలు, ఆ పైన ఇచ్చినవాళ్ల పేర్లు పాలరాయి మీద చెక్కిస్తామని. ఉద్యోగస్థుల పేర్లు ఎక్కాయి. ఎన్నికల ముందు వచ్చి ఇనుము ఇప్పించిన పై కులం నాయకుడి పేరు అందరికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఎక్కింది. ప్రతిష్ఠ రోజు కార్యదర్శి జమాఖర్చులు చదివి కాగితం మడుస్తుంటే వెనక చాపల మీద నుంచి ఒక మామ్మ లేచింది. "ఏందయ్యా, మా బియ్యం లెక్క చదవలేదేంది?" అంది. కూర్చోమ్మా కూర్చోమ్మా అన్నారు. ఆమె కూర్చోలేదు. "ఆరేళ్లు పోశాం. చదువు" అంది. కాగితం మళ్లీ విప్పి చదవాల్సి వచ్చింది. ఆరేళ్ల మొత్తం రాయి మీద ఉన్న ఏ ఒక్కరి చందా కంటేనూ ఎక్కువే తేలింది. రాయి మాత్రం మారలేదు. ఇంకో రాయికి డబ్బులు లేవన్నారు.

ఇది ఒక్క ఊరి కథ కాదని మీకు తెలుసు. పునాదిరాళ్ల మీద మొదట దొరల పేర్లు, తర్వాత బిషప్పుల పేర్లు, ఇప్పుడు ఎమ్మెల్యేల పేర్లు. పిడికిలి పేరు ఎక్కడా లేదు. ఇంకా ఉన్నాయి. ఒకే ఊళ్లో మాల గుడి, మాదిగ గుడి వేరుగా ఉండటం మన సిగ్గు. కథోలిక విచారణల్లో రెడ్లూ కమ్మలూ ముందు బల్లల మీద, మనవాళ్లు వెనక అన్న కాలం పూర్తిగా పోలేదు. హైదరాబాదుకు మొదటి దళిత ఆర్చిబిషప్పు మారంపూడి జోజి గారు రావడానికి 2000 దాకా ఆగాలి. పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యింది 2022లో. పట్నాల్లో మిషను స్థలాలు ఎలా చేతులు మారాయో, పల్లెలో పిడికెడు పోసిన అవ్వకు చెప్పిందెవరు? ఇప్పుడు మైకులు పెట్టి పదో వంతు ఇవ్వకపోతే శాపం అని భయపెట్టే కొత్త బోధకులు కూడా ఈ పిడికిలి మీదే బతుకుతున్నారు. ఇష్టంగా తీసిపెట్టడానికీ, భయపడి చెల్లించడానికీ చాలా తేడా ఉంది. రెండోది మళ్లీ వెట్టే.

అయినా ఈ గోడలు ఒక పని చేశాయి. 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగి ఆరుగుర్ని చంపినప్పుడు బతికినవాళ్లు చీరాల పారిపోయారు. తలదాచుకున్నది చర్చి ఆవరణలో. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే లేచింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు మనవాళ్లు తెనాలిలో నిలబడింది సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో. ప్రభుత్వ బంగళా తలుపులు ఎటు తెరుచుకుంటాయో తెలియని రాత్రి మన గింజలతో లేచిన గోడలే మనల్ని లోపలికి పిలిచాయి.

మిజోరంలో కూడా పిడికెడు బియ్యం ఉంది. 'బుహ్‌ఫాయ్ తామ్' అంటారు. 1910 నుంచి నడుస్తోంది. అక్కడి చర్చి అది తమ గొప్ప అని చెప్పుకుంటుంది. ఏ ఏడు ఎంత వచ్చిందో లెక్కలు అచ్చేస్తుంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి దాని మీద పరిశోధన చేస్తారు. మన దగ్గర అలా ఎందుకు లేదు? మన ఆడవాళ్లు తక్కువ పోశారా?

మన దగ్గర పేరు రాసుకోవడమే ప్రమాదం. అసలు విషయం ఇక్కడుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. ఆంధ్రలో మతం మారిన ఎస్సీలు బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. చేర్చాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి పంపింది. దళిత క్రైస్తవుల, ముస్లింల సంగతి తేల్చడానికి 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఈలోపు 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు వచ్చింది. పాస్టరుగా పనిచేస్తున్న ఒక దళితుడు కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెడితే, క్రైస్తవంలోకి మారిన మనిషికి అట్రాసిటీ చట్టం వర్తించదని కొట్టేసింది. తిట్టినవాళ్లకు ఆయన కులం తెలుసు. చట్టానికి మాత్రం తెలియదు.

ఇప్పుడు చందా పుస్తకం వైపు మళ్లీ చూడండి. అందులో పేరు రాయించుకోవడం అంటే నేను ఈ సంఘం సభ్యుణ్ణి అని సంతకం పెట్టడమే. పాలరాయి మీద పేరంటే గోడకెక్కిన సాక్ష్యం. సర్పంచ్ ఎన్నికల్లో ఓడినవాడో, ఉద్యోగం దగ్గర పోటీ పడినవాడో ఆ రాయి ఫొటో తీసి కలెక్టరుకు అర్జీ పెడితే కుల ధ్రువపత్రం మీద విచారణ మొదలవుతుంది. అందుకే చాలా రిజిస్టర్లలో "ఒక సహోదరి - 500", "ఒక విశ్వాసి - సిమెంటు బస్తాలు 5", "దేవుని బిడ్డ" అని ఉంటుంది. బయటివాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. కొంత వినయమే, వాక్యం కూడా కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియొద్దంటుంది. కానీ ఎక్కువ భాగం భయం. ఊళ్లో గుడికి లక్ష రాసిన ఆసామి పేరు గోపురం కింద నల్లరాతి మీద మెరుస్తుంది, దానివల్ల ఆయన పిల్లల చదువుకు ఏ నష్టమూ రాదు. మన తల్లి ఆరేళ్లు అన్నం తగ్గించుకుని పోసినా కొడుకు సీటు కోసం పేరు దాచుకోవాలి. మా ఊరి మామ్మ కూడా బియ్యం లెక్క చదవమంది గానీ తన పేరు చదవమనలేదు. ఆమె మనవడు అప్పటికి డీఎస్సీ రాసి ఉన్నాడు.

ఒక్క చట్టం మన మనుషుల చేత ఓటూ ఉద్యోగమూ ఒక పేరుతో, ప్రార్థన ఇంకో పేరుతో చేయిస్తోంది. ఆ పని చేయించినందుకు సిగ్గుపడాల్సింది చట్టం. మనల్ని 'రెండు నాలుకలవాళ్లు' అనేది మాత్రం మళ్లీ ఆ రైస్ బ్యాగ్ వాళ్లే.

పరిశోధన చేస్తున్న విద్యార్థులకు ఒక పని చెబుతాను. మిషనరీల నివేదికలు విదేశీ గ్రంథాలయాల్లో పదిలంగానే ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. పోయేవి మన పల్లెల్లోని పాత లెక్కల పుస్తకాలు. పాస్టరేట్ గదిలో బీరువా కింద, కార్యదర్శి ఇంట్లో అటక మీద చెదలు తింటున్నాయి. గుడి పెంచినప్పుడల్లా పాత బీరువాతో పాటు అవీ బయట పడేస్తారు. ఈ సెలవుల్లో మీ ఊరు పోయినప్పుడు అడగండి. పిడికెడు బియ్యం మొదలుపెట్టింది ఎవరు, ఏ ఏడు, మొదట ఏ గింజలు, ఆ డబ్బుతో మొదట ఏం కొన్నారు, గంటా, పెట్రోమాక్స్ లైటా, పెంకులా. డెబ్బై దాటిన అమ్మమ్మలతో మాట్లాడండి, వాళ్లకు తూములూ కుంచాలతో సహా గుర్తుంటుంది. వాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మన పుస్తకాల తెలుగులోకి మార్చకండి. మీ వైపు ఈ బియ్యాన్ని ఏమంటారో నాకు కూడా రాయండి. 'గుప్పెడు' అనేవాళ్లు ఉన్నారు, 'దేవుడి బియ్యం' అనేవాళ్లు ఉన్నారు.

పుస్తకాలకు ఫొటోలు తీసుకోండి. తీసేటప్పుడు తేదీ, వస్తువు, మొత్తం కనబడనివ్వండి. పేర్ల గడి మీద మాత్రం ఒక కాగితం పెట్టి తీయండి.